ఒక కప్పుకి ఒక ఏకాంబరం

దొమ్మేటి ఏకాంబరం లావుపాటి మనిషి. పాలేశ్వరంలో ఈ మాట అతని వెనకాల అనుకోవలసిన అవసరం ఎవరికీ రాలేదు, మొహం మీదే అనేవాళ్లు. అతను చెయ్యెత్తితే ఆటోవాడు వేగం పెంచేవాడు. పెళ్లి భోజనాల దగ్గర ప్లాస్టిక్ కుర్చీలు సర్దేవాళ్లు అతనికి మాత్రం ఒకదాంట్లో ఒకటి దూర్చి మూడు వేసేవాళ్లు. ఏకాంబరం దేనికీ నొచ్చుకున్నట్టు కనిపించేవాడు కాదు. రేకుల కాలనీ మొదట్లో అతనికో పిండిమర ఉంది. పొద్దున్న బియ్యం, సాయంత్రం మిరపకాయలు ఆడిస్తూ, పొద్దుటిపూట తెల్లగానూ సందేళకి ఎర్రగానూ ఉండేవాడు.

నొచ్చుకునేది అతని భార్య నూకరత్నం. ఆవిడ నొచ్చుకుని ఊరుకునే రకం కూడా కాదు. మొగుణ్ణి లాక్కెళ్లి సర్కారు ఆస్పత్రిలో చూపించింది. అక్కడికి కొత్తగా వచ్చిన డాక్టరమ్మ హిమజ సూది గుచ్చి రక్తం తీసి, గుండె చప్పుడు రెండుసార్లు విని, ఈయన ముప్పై కిలోలు తగ్గకపోతే అంటూ మాట మధ్యలో ఆపేసింది. ఆపేసిన సగం నూకరత్నానికి బాగానే అర్థమైంది. ఆ మర్నాటి నుంచి అన్నం గరిటెతో కొలిచి పెట్టడం, తెల్లారగట్ల కాలవగట్టు మీద నడిపించడం మొదలుపెట్టింది. ఏకాంబరం ఏడుపుమొహం పెట్టుకునే నడిచేవాడు గానీ, నడిచేవాడు.

అంతలో వానలు పట్టాయి. మర కప్పు మీద మేకుల కన్నాల్లోంచి నీళ్లు కారి పిండి ముద్దవుతోంది. పనివాడు రేపు వస్తా, ఎల్లుండి వస్తా అని తిప్పుతుంటే, ఏకాంబరమే ఒకరోజు తారు డబ్బా పట్టుకుని నిచ్చెన ఎక్కాడు. ఆఖరి మెట్టు అతన్ని పైకి చేర్చి తాను విరిగిపోయింది. నూకరత్నం ఇంకో నిచ్చెన కోసం పక్కవీధికి వెళ్లింది. ఏకాంబరం నడిదూలం మీద చెరోవైపూ కాలు వేసుకుని, గుర్రమెక్కినవాడిలా కూర్చుండిపోయాడు.

ఆ రోజే మంత్రిగారు మంచినీళ్ల ట్యాంకు ప్రారంభించడానికి హెలికాప్టర్లో ఊళ్లోకి వచ్చారు. హెలికాప్టర్ దిగింది కాలేజీ మైదానంలో. మైదానానికీ రేకుల కాలనీకీ మధ్య ఒక పిట్టగోడ, దాని మీద ఆరేసిన బట్టలు తప్ప మరేం లేదు. సభ ముగిసింది. ట్యాంకులోకి నీళ్లు రాలేదు గానీ మంత్రిగారు వెళ్లిపోవలసిన వేళ వచ్చేసింది. హెలికాప్టర్ లేచి, గోడ దాటి, దండెం మీద చీర అందుకోవచ్చన్నంత కిందుగా కాలనీ మీద నుంచి పోయింది.

కాలనీ కప్పులన్నీ దాని వెంట బయలుదేరాయి. ఇనప రేకులు ఒకదాని మీదొకటి లేచి, గిరికీలు కొట్టి, కొన్ని కాలేజీ మైదానంలోనూ, కొన్ని కాలవలోనూ, ఒకటి మాత్రం ప్రిన్సిపాల్ గారి గదిలో కిటికీ గుండా వెళ్లి ఆయన కుర్చీలోనూ పడ్డాయి. దేవుడి దయవల్లా, ఆ వేళకి కాలనీ మొత్తాన్నీ మంత్రిగారి సభకి తోలుకుపోయి ఉండటంవల్లా, ఎవరికీ దెబ్బలు తగల్లేదు. ఇంటికి తిరిగొచ్చినవాళ్లు తలుపు తాళం తీసుకుని లోపలికి వెళ్లి ఆకాశం చూశారు.

ఒక్క పిండిమర కప్పు మాత్రం చెక్కుచెదరలేదు. దాని మీద ఏకాంబరం కళ్లు గట్టిగా మూసుకుని, మొహాన తారుతో, దూలాన్ని కావలించుకుని పడుకుని ఉన్నాడు.

ప్రభుత్వం వెంటనే విచారణ సంఘం వేసింది. దానికి అధ్యక్షుడు ఆర్డీవో పురుషోత్తం గారు. రోడ్లు భవనాల శాఖ ఇంజనీరు త్రివిక్రమరావు గారూ, తాసీల్దారు గారూ సభ్యులు. ముగ్గురూ కాలనీ అంతా తిరిగి కప్పుల్లేని ఇళ్లు చూసి చూసి, చివరికి మర ముందు ఆగారు. ఇంజనీరు గారు పెన్ను మూతతో గోడని తట్టి, ఏ రకం మేకులు వాడారు, దూలం ఏ కర్ర అని అడిగారు. మేకులు తుప్పుపట్టినవేననీ, దూలాన్ని చెదలు సగం తినేసిందనీ, ఆ సమయానికి తాను పైన ఉన్నాననీ ఏకాంబరం ఉన్నదున్నట్టు చెప్పాడు. ఇంజనీరు గారు అతన్ని కింది నుంచి పైదాకా, ఆ తర్వాత ఒక చెవి నుంచి మరో చెవిదాకా చూశారు. ఆయన కళ్లు మెరిశాయి.

నూకరత్నం ఊరుకోలేదు. ముందుకొచ్చి, "హెలికాప్టర్ని కాలవ అవతల బీడు పొలాల్లో దింపుకోవచ్చు కదండీ. అక్కడ కొంగలు తప్ప ఎవరూ ఉండరు కదా" అంది.

ఆర్డీవో గారు ఓపిగ్గా వివరించారు. బీటి నుంచి ఊళ్లోకి రావాలంటే మంత్రిగారు రెండు కిలోమీటర్లు రోడ్డు మీద ప్రయాణం చెయ్యవలసి వస్తుంది. ఆ రోడ్డు మీద ప్రముఖుల భద్రతకి సంబంధిత శాఖ హామీ ఇవ్వాలి. అందరూ ఇంజనీరు గారి వైపు చూశారు.

"నేనివ్వలేనండి. ఆ రోడ్డు నేనే వేయించాను" అన్నారాయన వినయంగా.

దాంతో ఆ విషయం ముగిసింది. కప్పుల మీద ఇసక బస్తాలు పెడదామన్నారు తాసీల్దారు గారు. ఇసక బస్తాకి టెండరు పిలవాలి, మనిషికి అక్కర్లేదు అన్నారు ఆర్డీవో గారు. నెల తిరక్కుండా నివేదిక వచ్చింది. 'సంఘటనా స్థలమున చలించక నిలిచిన ఏకైక పైకప్పు, సదరు ఏకాంబరం అను వ్యక్తి భారము వలన నిలిచినదని శాస్త్రీయముగా రుజువైనందున, ప్రతి పైకప్పునకు ఒక ఏకాంబరం చొప్పున ఏర్పాటు చేయుట ప్రజాప్రయోజనార్థము ఆవశ్యకము' అని అందులో తేల్చారు. పథకానికి 'మన కప్పు – మన భారం' అని పేరు పెట్టారు. సైరన్ మోగగానే ప్రతి ఇంటివాళ్లూ తమ కప్పు మీదికెక్కి కూర్చోవాలి, హెలికాప్టర్ వెళ్లిపోయాక రెండో సైరన్‌కి దిగాలి. అంతే. కొత్త రేకులు మాత్రం ఎవరివి వాళ్లే వేసుకోవాలన్నారు, ఎందుకంటే ప్రజల భాగస్వామ్యం లేని పథకం నిలబడదట.

అయితే పాలేశ్వరంలో ఏకాంబరం ఒక్కడే. తక్కినవాళ్లు బక్కవాళ్లు. అందుకని కాలనీవాళ్లందర్నీ బియ్యం గోదాముకి పిలిచి, బస్తాలు తూచే కాటా మీద నిలబెట్టారు. బడిపంతులు విశ్వనాథానికీ ఆయన భార్యకీ కలిపి ముప్పాతిక ఏకాంబరం వచ్చింది. ఆవిడ అత్తగారిని కూడా ఎక్కిస్తే సరిపోయింది. ఇస్త్రీ బండి పెట్టుకునే ముసలావిడ ముత్యాలమ్మ ఒంటరిది, పాతిక కూడా రాలేదు. ఆవిడకి నియమాల ప్రకారం సబ్బవరపు తాతారావు కుటుంబం నుంచి ఇద్దరిని అప్పిచ్చారు. గోదాములో పనిచేసే హమాలీలకి ఈ కొలత బాగా నచ్చి, అరటిగెలల లారీ వస్తే పదేకాంబరాలుంటుందిరా అని చెప్పుకోవడం మొదలుపెట్టారు.

ఏకాంబరానికి మొదట్లో సిగ్గేసింది. ఆ తర్వాత సంగతులు మెల్లగా మారాయి. ఆర్డీవో కార్యాలయం అతన్ని 'ప్రామాణిక భారం' అని ప్రకటించి శాలువా కప్పింది. శాలువా ముందువైపు కలవలేదు, అయినా చప్పట్లు కొట్టారు. ఆటోవాళ్లు ఎదురొచ్చి మరీ ఎక్కించుకున్నారు. పెళ్లిళ్లలో అతని కోసం చేతుల కుర్చీ వేశారు, చెక్కది. పుట్టి బుద్ధెరిగాక తన పేరు చివర గారు అన్న మాట వినడం ఏకాంబరానికి అదే మొదలు. ఇంటికొచ్చి అద్దం ముందు నిలబడి, పక్కకి తిరిగి చూసుకుని, ఇంతకాలం దీన్ని అన్యాయంగా దాచుకుని తిరిగాననుకున్నాడు.

కాలవగట్టు నడక మానేశాడు. మానెయ్యకపోయినా మాన్పించేవాళ్లే. ప్రామాణిక భారం తగ్గితే పథకం మొత్తం లెక్క తప్పుతుంది కాబట్టి, వారానికోసారి ఒక గుమాస్తా కాటా మోసుకొచ్చి అతన్ని తూచి వెళ్లేవాడు. ఒక వారం నూకరత్నం రాగి అంబలి దెబ్బకి రెండు కిలోలు తగ్గాడు. 'ప్రభుత్వ ప్రామాణిక భారమును అనుమతి లేకుండా తగ్గించినందులకు మీపై చర్య ఎందుకు తీసుకొనరాదు' అని మర్నాడే సంజాయిషీ అడిగారు. స్థిరీకరణ పోషకాహారం పేరుతో నెలకి ఇంత నెయ్యీ, బెల్లమూ ఇంటికి పంపారు. డాక్టరమ్మ హిమజకి కూడా తాఖీదు వెళ్లింది, సదరు వ్యక్తికి పథ్యము సూచించరాదని. ఆవిడ ఆ తాఖీదు మీద తన రక్తపోటు రాసి తిప్పి పంపిందని చెప్పుకున్నారు.

ఇంట్లో మాత్రం రోజూ గొడవే. నూకరత్నం నెయ్యి డబ్బా అటక మీద దాచేది, ఏకాంబరం వాసనబట్టి పట్టుకునేవాడు.

"వాళ్లకి నీ బరువు కావాలి మావా. నువ్వక్కర్లేదు" అంది ఒకనాడు.

ఏకాంబరం గారెని బెల్లప్పాకంలో ముంచుతూ, బరువూ తనూ వేరువేరు కాదు కదా అన్నాడు. ఆవిడ పొయ్యి ఆర్పేసింది.

కాలనీకి భద్రత వచ్చిందని తెలిసి, హెలికాప్టర్లకి పాలేశ్వరం మీద మోజు పెరిగింది. ఇదివరకు మంత్రిగారొక్కరే వచ్చేవారు. ఇప్పుడు రొయ్యల చెరువుల ఆసామి కూతురి పెళ్లికి పెళ్లికొడుకు హెలికాప్టర్లో దిగాడు. ఒక స్వాములవారు పైనుంచి అక్షింతలు జల్లారు, అవి తిన్నగా కప్పుల మీద కూర్చున్నవాళ్ల కళ్లల్లో పడ్డాయి. ఆ ఏడు కాలేజీ వార్షికోత్సవానికి కూడా ప్రధాన వక్త గాల్లోంచే వచ్చాడు. ప్రతిసారీ సైరన్, ప్రతిసారీ జనం నిచ్చెనలెక్కడం. విశ్వనాథం పంతులు బళ్లో ఎక్కం సగంలో ఆపి కప్పెక్కడానికి పరిగెత్తుకొచ్చేవాడు. ముత్యాలమ్మకి ఎక్కడం దిగడం చేతకాక, ఒక గొడుగూ మరచెంబూ పెట్టుకుని పగలంతా పైనే ఉండిపోయేది. ఇస్త్రీ బట్టలు తాడుతో పైకి లాక్కునేది.

ఇంతలో పట్నం నుంచి విమాన భద్రతా పరిశీలకుడొకాయన వచ్చాడు. సన్నగా, కళ్లజోడుతో, తక్కువ మాట్లాడే మనిషి. సైరన్ మోగి జనం కప్పులెక్కిన వేళ, ఆయన మైదానం మధ్యలో నిలబడి, చెయ్యి అడ్డం పెట్టుకుని కాలనీ వైపు చూశాడు. జనం తలల మీదుగా ఇంత కిందుగా హెలికాప్టర్ లేవడం నిబంధనలకి విరుద్ధం, ఆ కప్పుల మీద మనుషులున్నారు కదా అన్నాడు.

"వాళ్లు మనుషులు కారండి" అన్నారు ఆర్డీవో గారు.

"మరేంటి?"

"భారం."

పరిశీలకుడు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చూశాడు. "ఆ భారం చుట్ట కాలుస్తోంది."

ఇక్కడ ఇంజనీరు త్రివిక్రమరావు గారు అందుకున్నారు. కట్టడాల శాస్త్రంలో బరువులు రెండు రకాలనీ, కదలనిది డెడ్ లోడ్ అనీ, కదిలేది లైవ్ లోడ్ అనీ, తెలుగులో దీన్ని సజీవ భారం అంటారనీ చెప్పారు. అది చుట్ట కాల్చినా, చెయ్యి ఊపినా, తుమ్మినా శాస్త్రరీత్యా భారమేనన్నారు. పరిశీలకుడు ఈ మాట రాసిమ్మన్నాడు. ఆర్డీవో గారు అక్కడికక్కడే సంతకం చేసిచ్చారు. సైరన్ నుంచి సైరన్ దాకా రేకుల కాలనీవాసులు మనుషులుగా పరిగణింపబడరని అందులో ఉంది. పరిశీలకుడికి రైలు టైమైంది, తీసుకుని వెళ్లిపోయాడు. ఆ పై వారం కాలనీలో అందరికీ బూడిదరంగు చొక్కాలు పంచిపెట్టారు, పైనుంచి చూసేవాళ్లకి రేకుల్లో కలిసిపోయేలాగ.

చొక్కా ఏకాంబరానికి సరిపోలేదు. ఆ రాత్రి అతను భోజనానికి కూర్చుని, చాలాసేపు కంచంలో వేలితో గీతలు గీస్తూ, "రత్నం, మనల్ని మనుషులు కారన్నారంట" అన్నాడు.

"నీకు శాలువా కప్పిననాడే అన్నారు మావా. నీకిప్పుడు వినపడింది" అంది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం మంత్రిగారు మళ్లీ వచ్చారు. మంచినీళ్ల ట్యాంకుకి రంగులు వేయించారు, అది ప్రారంభించాలి. సభ అయ్యాక బయలుదేరతారని సైరన్ మోగింది. జనం ఎక్కారు. అయితే మంత్రిగారు అతిథి గృహంలో భోంచేసి కాస్త నడుం వాల్చారు. ఆయన్ని లేపే ధైర్యం ఎవరికీ లేదు, రెండో సైరన్ మోగించే అధికారమూ ఎవరికీ లేదు. ఇనప రేకులు పెనాల్లా కాలుతున్నాయి. గోనెపట్టాలు పరుచుకుని, తడిగుడ్డలు నెత్తిన వేసుకుని కాలనీ మొత్తం కప్పుల మీద అలాగే కూర్చుంది.

ఏకాంబరానికి ముందు ఎడమ భుజం లాగింది. నెయ్యి గారెలు అనుకున్నాడు. తర్వాత చెమటలు పట్టాయి. ఎండ అనుకున్నాడు. ఆ తర్వాత అతను ఏమీ అనుకోలేదు. పక్కకి ఒరిగి, దూలం మీద బోర్లా పడిపోయాడు.

సభ దగ్గర షామియానా విప్పుతున్నవాళ్లు ఆ గుడ్డే తెచ్చి, దానిలో చుట్టి, పదిమంది పట్టి దింపారు. హిమజ పరుగెత్తుకొచ్చి చూసింది. గుండెపోటు, కాకినాడ పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి, ఆలస్యమైతే లాభం లేదంది. అంబులెన్సు ఉంది గానీ, ఆ రోడ్డు మీద పోతే ఆగే గుండె దారిలోనే ఆగుతుందని డ్రైవరే చెప్పాడు. ఈలోగా హెలికాప్టర్ పైలటు కల్పించుకుని, వెనకసీట్లు తీసేస్తే తాను తీసుకెళ్లగలనన్నాడు. లేచి వచ్చిన మంత్రిగారు కూడా సరేనన్నారు. ఆయన స్వతహాగా మంచివాడు. ఫొటోలు తీసేవాళ్లున్నప్పుడు మరీ మంచివాడు.

ఏకాంబరాన్ని హెలికాప్టర్లోకి ఎక్కించారు, పక్కన హిమజా, నూకరత్నమూ ఎక్కారు. మంత్రిగారు ముందు సీట్లో కూర్చున్నారు. పైలటు మీట మీద చెయ్యి వేశాడు. అప్పుడు ఆర్డీవో గారు చెయ్యెత్తి ఆపారు.

చిక్కు చిన్నదే. అన్ని కప్పుల మీదా నిర్ణీత భారం ఉంటే తప్ప హెలికాప్టర్ లేవరాదని నిబంధన. పిండిమర కప్పు మీద ఉండవలసిన భారం ఇప్పుడు హెలికాప్టర్లో ఉంది. భారాన్ని దింపి మళ్లీ కప్పు మీద పెడితే హెలికాప్టర్ లేవొచ్చు, కానీ అప్పుడు లేవవలసిన పనుండదు. తక్కిన జనమంతా ఎవరి కప్పుల మీద వాళ్లున్నారు, ఒక కప్పు భారం ఇంకో కప్పుకి బదిలీ చెయ్యాలంటే జిల్లా అనుమతి కావాలి. ఇంజనీరు గారు జేబులోంచి కాగితం తీసి లెక్క వెయ్యడం మొదలుపెట్టారు. హిమజ ఏకాంబరం మణికట్టు పట్టుకుని వాళ్ల మొహాలు ఒక్కొక్కటే చూసింది.

నూకరత్నం హెలికాప్టర్ మెట్టు దిగి ఆర్డీవో గారి ముందు నిలబడింది.

"మీ ముగ్గురూ ఎక్కండి" అంది.

అధికారులు పర్యవేక్షణ వర్గంలోకి వస్తారు, భారం వర్గంలోకి రారని ఆర్డీవో గారు చెప్పబోయారు.

"మీరు ముగ్గురూ కలిస్తే మా ఆయనంత ఉంటారండీ. నేను చూసి చెబుతున్నాను. ఎక్కండి."

లోపల్నుంచి మంత్రిగారు రుమాలుతో మెడ తుడుచుకుంటూ, "ఎక్కండయ్యా, ఉడికిపోతున్నాను" అన్నారు.

అది మౌఖిక ఉత్తర్వు. ముగ్గురూ మర దగ్గరికి వెళ్లి, ఒకరి తర్వాత ఒకరు నిచ్చెన ఎక్కారు. రేకు తగిలిన చోటల్లా కాలి, ఆర్డీవో గారు ఒక కాలు మీదా, తాసీల్దారు గారు మరో కాలు మీదా నిలబడి, ఆఖరికి దూలం మీద వరసగా కూర్చున్నారు. చుట్టుపక్కల కప్పుల మీది బూడిదరంగు చొక్కాలవాళ్లు తలలు తిప్పి వాళ్లని చూశారు. ముత్యాలమ్మ గొడుగు ఇవ్వనా బాబూ అని అడిగింది గానీ వాళ్లకి వినపడలేదు, అప్పటికే రెక్కలు తిరుగుతున్నాయి.

నూకరత్నం మళ్లీ ఎక్కగానే హెలికాప్టర్ లేచింది. లోపల నేల మీద పడుకోబెట్టిన ఏకాంబరానికి ఒక క్షణం తెలివొచ్చింది. తల పక్కకి ఒరిగి ఉంది, అద్దంలోంచి కింద కాలనీ కనిపించింది. రేకుల నిండా మనుషులు, చాపల మీద ఎండబెట్టిన వడియాల్లాగ. ముత్యాలమ్మ గొడుగు ఎగిరిపోతుంటే దాన్ని వదిలేసి, రెండు చేతులతో రేకు అంచు పట్టుకుని, కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. పంతులు భార్య అత్తగారిని ఒళ్లో పెట్టుకుని వంగిపోయింది. తనూ ఇన్నాళ్లూ అక్కడే కూర్చున్నాడు, కానీ పక్కకి చూడలేదు. అందరూ తనని చూస్తున్నారనే అనుకున్నాడు. ఏకాంబరానికి ఏడుపొచ్చింది. నొప్పి వల్ల అనుకుని హిమజ సూది వేసింది.

వెనకాల మర కప్పు లేచిపోయింది. ముగ్గురు అధికారులున్న రేకు దూలంతో సహా పక్కకి జారి, మర పెరట్లో పోసిన తవుడు కుప్ప మీద ఆగింది. ఎవరికీ ఏమీ కాలేదు. పైకి లేచేసరికి ఎవరు ఎవరో పోల్చుకోవడం కష్టమైంది, అంతే.

దీని మీద మళ్లీ విచారణ జరిగింది. విచారించవలసింది వాళ్లే కాబట్టి పని తొందరగా అయింది. 'సదరు సమయమున కప్పుపై బాధ్యత గల అధికారులు ముగ్గురు ఉన్నప్పటికీ, బరువు ఏమియు లేకుండెను' అని రాశారు. ఇంజనీరు గారు రాసిన వాక్యం అది. ఆయన భౌతికశాస్త్రం గురించే రాశారు. కాలనీవాళ్లు దాన్ని ఒకరికొకరు చదివి వినిపించుకుని, మళ్లీ చదవమని అడిగారు. చివర్లో సిఫారసు ఉంది. ప్రామాణిక భారానికి ప్రత్యామ్నాయం లేదని తేలినందున, ఏకాంబరాన్ని సత్వరమే కోలుకొనజేసి, పూర్వ బరువుకి తెచ్చి, యథాస్థానమున నిలుపవలెను.

ఏకాంబరం ఎర్రబస్సులో తిరిగొచ్చాడు. పెద్దాస్పత్రిలో రక్తనాళంలోకి తీగేదో దూర్చి బాగుచేశారు. మనిషి కాస్త తగ్గాడు, చెంపలు జారాయి. ఆర్డీవో గారు స్వయంగా పరామర్శకి వచ్చారు, చేతిలో కాకినాడ కాజాల బుట్టతో. ఎల్లుండి మంత్రిగారి రాక ఉందనీ, అప్పటికి మరకి కొత్త కప్పు వేసుకుని పైకెక్కగలిగితే జిల్లా యంత్రాంగం ఎంతో సంతోషిస్తుందనీ చెప్పారు. ఏకాంబరం కాజాల వైపు చూశాడు. నూకరత్నం అతని వైపు చూసింది. అతను బుట్టని రెండు చేతులతో పట్టి, నమస్కారం చేసి, తిరిగి ఆర్డీవో గారికే ఇచ్చేశాడు. ఆలోచించుకుంటానన్నాడు.

ఆ సాయంత్రం మర ముందు కాలనీవాళ్లు చేరారు. కప్పు లేని మరలో కూర్చుని ఏకాంబరం తాను పైనుంచి చూసింది చెప్పాడు. వడియాల మాట చెప్పినప్పుడు కొందరు నవ్వారు, ముత్యాలమ్మ మాట చెప్పినప్పుడు ఎవరూ నవ్వలేదు. విశ్వనాథం పంతులు, మనం మనుషులం కాదన్నప్పుడు మనుషులకుండే భయం మాత్రం మనకెందుకు అన్నాడు. అక్కణ్ణించి మాటలు చాలాదూరం వెళ్లాయి.

ఆ ఎల్లుండి రానే వచ్చింది, సైరన్ మోగింది. ఒక్క నిచ్చెనా లేవలేదు. జనం బూడిదరంగు చొక్కాలు తొడుక్కుని, పిట్టగోడ దాటి, కాలేజీ మైదానంలోకి నడిచారు. సున్నంతో గీసిన పెద్ద వలయంలో వెళ్లి కూర్చున్నారు. నట్టనడుమ ఏకాంబరం మఠం వేసుకున్నాడు. అతని వీపుకి వీపు ఆనించి నూకరత్నం కూర్చుంది.

ఆర్డీవో గారు జీపు దిగి పరుగున వచ్చారు. ఇదేమిటని అడిగారు.

"బరువండీ" అన్నాడు ఏకాంబరం. "కప్పులు ఎగిరిపోతున్నాయని కప్పుల మీద పెట్టారు తమరు. మొన్న పైనుంచి చూశానండి, నేల కూడా కొంచెం లేచినట్టే అనిపించింది. అందుకని ఇక్కడ పెట్టుకున్నాం."

మనుషులు ప్రయాణాలకి అడ్డం కూర్చోవడం నేరమని ఆర్డీవో గారు గద్దించారు.

"మనుషులమైతే నేరమేనండి, ఆయ్. మరి మా తలకాయల మీద నుంచి హెలికాప్టర్ పోవడం కూడా తప్పవుద్ది. మేం మనుషులమో కాదో తమరు చెప్పండి, మేం దాన్ని బట్టి చేస్తాం."

ఆర్డీవో గారు నోరు తెరిచారు. తెరిచిన నోటిలోంచి ఏది వచ్చినా ప్రమాదమేనని ఆయనకి అర్థమైనట్టుంది. ఇంజనీరు గారి వైపు చూశారు. ఆయన ఆకాశం వైపు చూస్తున్నారు. అక్కడ హెలికాప్టర్ వచ్చేసింది.

అది మైదానం మీద ఒక చుట్టు తిరిగింది. దుమ్ము లేచింది, కొంగులు ఎగిరాయి, పిల్లలు పెద్దల ఒళ్లల్లో మొహాలు దాచుకున్నారు. ఎవరూ లేవలేదు. ఏకాంబరానికి భయం వేసింది, గుండె కొట్టుకోవడం చెవుల్లో వినపడింది. వెనక్కి చెయ్యి చాపితే నూకరత్నం చెయ్యి దొరికింది. రెండో చుట్టులో పైలటు బాగా కిందికొచ్చి, తల వంచి చూశాడు. తర్వాత హెలికాప్టర్ పక్కకి వాలి, కాలవ దాటి వెళ్లిపోయింది. అవతల బీట్లోంచి కొంగలు గుంపుగా లేవడం అందరికీ కనిపించింది.

అధికారుల జీపులన్నీ ఆ వైపు రోడ్డు పట్టుకుని, గుంతల్లో పడుతూ లేస్తూ పోయాయి. కాసేపటికి చప్పుడు తగ్గింది. దుమ్ము తగ్గింది. జనం ఒక్కొక్కరే లేచి, చొక్కాలు దులుపుకుని, ఇళ్లకి బయలుదేరారు. ముత్యాలమ్మ వెళ్లి తన ఇంటి గుమ్మంలో కూర్చుంది, నేల మీద.

ఏకాంబరం మాత్రం లేవలేకపోయాడు. మఠం వేసుకున్న కాళ్లు తిమ్మిరెక్కాయి. నలుగురు వచ్చి, రెక్కలు పట్టి, ఊఁ అని ఒక్క ఊపు ఊపి లేపారు.

నూకరత్నం అతని చొక్కా దులుపుతూ, "వచ్చే నెలకి ముగ్గురు చాలాలి మావా" అంది.